జానెడు బాట

తొక్కుడు 3906, సోమవారం

పందిళ్లపల్లి వాస్తవ్యులగు ఆడవారికి, మగవారికి, మేకలకు కంకర బాట సవారీదారు కుర్మయ్య అత్యంత గంభీరముగా తెలియజేయునది. ద్రాక్ష షెడ్డు గోడకు ఆనించియున్న నా సైకిలు హ్యాండిలుపై తడి లుంగీలు ఆరవేయుట నేటి నుండి నిషేధము. సీటు కింది సంచిలోని పల్లిపట్టీలు ఊరుమ్మడి ఆస్తి కావు. నన్ను వెనుక నుండి "బోడిగుండూ" అని పిలిచినవారి ఉత్తరములు చెమటలో తడిసి చేరును. ఊశన్న తన మధ్యాహ్నపు గురకను ఊరి పొలిమేర అవతలికి మార్చుకొనవలెను. సాయంత్రము షెడ్డులో ఈ బాట పుస్తకము చదివి వినిపించు జమ్ములమ్మక్క మధ్యలో నవ్వరాదు. నవ్వినచో మొదటి నుండి మరల చదువవలెను.

అక్కా, నవ్వావు కదా. మళ్లీ చదువు.

ఇక పని సంగతి. పొద్దున టైర్లలో కాస్త గాలి తీశాను, కంకర మీద గట్టి టైరు ఎగురుతుంది కాబట్టి. ద్రాక్ష పందిళ్ల నడుమ నాలుగు కిలోమీటర్లు హాయిగా పోయాను. గుత్తులు కిందికి వేలాడుతున్నాయి, దిగకుండానే నోటితో రెండు పండ్లు అందుకున్నాను. కోతకొచ్చాయి. తర్వాత ఆరు కిలోమీటర్ల అడవి. నా చిన్నప్పుడు అదంతా పల్లి చేను. ఇప్పుడు పొద్దెక్కినా చీకటిగానే ఉంటుంది. అడవి దాటితే ఏటి ఒడ్డు. తెల్ల గులకరాళ్లు, పుచ్చ తీగలు, ముఖానికి కొట్టే గాలి, చివరికి రేవుగడ్డ. మీరు ఎండుద్రాక్ష ఇస్తే అక్కడ ఇచ్చాను, వాళ్లు ఎండుచేపలు ఇస్తే తెచ్చాను. ఉత్తరాలు ఇటువి అటు, అటువి ఇటు.

అడవి నడుమ ఉసేనమ్మ వదిన ఎదురొచ్చింది. నేను ఇక్కడి నుంచి పోయినట్టే ఆమె రోజూ రేవుగడ్డ నుంచి వస్తుంది.

"పక్కకు జరుగు మరిదీ. ఇయ్యాల నీ వంతు."

"మొన్న నువ్వు జరిగినవా వదినా? నాకు యాదికి లేదు."

"నీకు పల్లిపట్టీలు తప్ప ఏం యాదికుంటయి?"

ఇద్దరం దిగి నీళ్లు తాగాం. సైకిల్ పక్కకు తీయబోతే హ్యాండిల్ చివరకు ఆకులు తగిలాయి. మొన్న శనివారం అక్కడ ఆకులు లేవు. జానతో కొలిచాను. ఎనిమిది జానలు ఉండాల్సిన బాట ఐదు జానలే ఉంది. వదిన నవ్వి, నీ చెయ్యి పెరిగిందేమో అంది. నాకు నవ్వు రాలేదు. అడవిలో ఎక్కడో టక్, టక్ అని వినిపిస్తోంది.

తొక్కుడు 3907, మంగళవారం

మూడు జానలు. మూడుసార్లు కొలిచాను.

నాట్లమ్మ యంత్రాలు గుట్ట అవతల పని ముగించుకుని ఇటు మళ్లాయి. ఒకదాన్ని కళ్లారా చూశాను. దూడంత ఎత్తు, ఆరు కాళ్లు, వీపు మీద మొక్కల పెట్టె, ముందు పొడవాటి సూది. కళ్లు లేవు. పొట్ట కింద ఉన్న పళ్లెం నేలకు ఆనించి కాసేపు ఆగి వింటుంది. ఆ నేల మీద మూడు పొద్దులుగా ఎవరూ నడవలేదని తెలిస్తే సూది దించుతుంది. టక్. మొక్క. అది నాటే జాతి పొద్దుకు మూరెడు పెరుగుతుంది. ముళ్లు కూడా దాంతోపాటే. కరువు రోజుల్లో వీటిని పంపినవాళ్లు పోయారు, ఆపే తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. నరికితే ఒకటికి పది నాటుతుంది. అందుకే మా ఉద్యోగం. తొక్కడం. రోజూ తొక్కితే అది బాట, లేకపోతే అడవి.

మరి రోజూ తొక్కుతున్నాం కదా, బాట ఎందుకు చిక్కుతోంది? దారంతా ఇదే ఆలోచించాను. సిగ్గుతో రాస్తున్నాను, అక్కా, గొంతు తగ్గించి చదువు.

అసలు పద్ధతేమిటంటే నేను ఎడమ వైపు, వదిన కుడి వైపు, రోజుకో చక్రమంత జరుగుతూ ఎనిమిది జానలూ నలిగేలా తొక్కాలి. కానీ అంచున కంకర వదులు. చక్రం మునుగుతుంది, తొడలు పట్టేస్తాయి. నడుమ గాడి మాత్రం నలిగి నలిగి గచ్చులా గట్టిపడింది. కంకర మీద తొక్కేవాడెవడైనా ఆ గాడే వెతుక్కుంటాడు. రెండేళ్లుగా నేనూ ఆ గాడిలోనే, ఆమె కూడా ఆ గాడిలోనే. మేం ఎనిమిది జానల బాట కాపాడుతున్నామని మీరు అనుకున్నారు. మేమూ అనుకున్నాం. మేం కాపాడింది ఒక చక్రం వెడల్పు.

(షెడ్డులో చదివాక జరిగింది. మళ్లీ కూర్చుని రాస్తున్నాను.)

ఊశన్న పడీపడీ నవ్వాడు. "బాట చిక్కలేదు రా కుర్మిగా, నువ్వు లావైనవ్!"

"నవ్వుడు గాదు ఊశన్నా. రేపు అందరు వచ్చి అంచులు తొక్కాలె. ఒక్క పూట చాలు."

"రేపటి సంది కోతలు. ద్రాక్ష ఆగుతదా? కోతలైనంక తొక్కుదాం తియ్యి."

"పోయిన ఏడు నా చెప్పులల్ల తేనె పోసి, వానొచ్చిందన్నవ్," అన్నది వెనక నుంచి ఒకామె.

జమ్ములమ్మక్క పుస్తకం మూసి అందరివైపు చూసింది. "నోటితోని వీడు చెప్పేటివి నేను గూడ నమ్మను. గని బాట పుస్తకంల వీడు ఇప్పటిదాంక అబద్ధం రాయలే. ఇది చూసే గద మనం అడవిల అడుగు పెడ్తం."

తల ఊపారు. నమ్మారు కూడా. అయినా కోతలైనంకే అన్నారు.

తొక్కుడు 3908, బుధవారం

సగమే తొక్కాను.

పొద్దున వదిన ఎదురు రాలేదు. కలిసే చోట ఆగి పిలిచాను, ఈల వేశాను. నా గొంతే చెట్లకు తగిలి వెనక్కి వచ్చింది. ఇంకాస్త పోయాను. వాగు మలుపు దగ్గర బాట లేదు.

చిక్కడం కాదు. లేదు. గాడి పొడవునా మొక్కలు, జడ అల్లినట్టు ఒకదాని పక్కన ఒకటి. నిన్న సాయంత్రం నేను తొక్కిన చోటే. మూడు పొద్దులు కాదు కదా, ఒక్క పొద్దు కూడా నిండలేదు. నిలబడి చూస్తుంటే అర్థమైంది. రెండు పక్కలా మొక్కలొచ్చి మధ్యన జానెడు గాడి మిగిలితే అది బాటలా ఉండదు. వాన కోసిన గాడిలా ఉంటుంది. మట్టి కొట్టుకుపోకుండా నాట్లమ్మలు అన్నిటికన్నా ముందు నాటేది అలాంటి గాడుల్లోనే. అక్కడ మూడు పొద్దుల లెక్క లేదు, తగిలిన వెంటనే నాటడమే.

అప్పుడు కనబడింది. ముప్పై బారల లోపల, ముళ్ల మధ్య, వదిన చేపల సంచి. నారింజ రంగుది.

"వదినా!" అని అరిచాను. ఏమీ లేదు. ఒక నాట్లమ్మ మాత్రం వచ్చింది. నా ముందు చక్రం పక్కన పళ్లెం నేలకు ఆనించింది. కదలకుండా ఉన్నది ఏదైనా వాటికి నేలే. వెనకటి ఏడు విరిగిపోయి వదిలేసిన ఎడ్లబండి చక్రంలోంచి కానుగ చెట్టు మొలిచింది, మీరంతా చూశారు. నేను ఒక కాలు ఎత్తి దించాను, ఇంకో కాలు ఎత్తి దించాను. నలభై తొమ్మిదేళ్ల మనిషిని, అడవి నడుమ, పట్టపగలు, తప్పెట్లు లేకుండా చిందేశాను. అది చాలాసేపు విని పక్కకు పోయింది. నేను సైకిల్ తిప్పి పారిపోయాను. ఎలా వచ్చానో తెలియదు. పందిళ్ల నీడ తగిలాక గానీ ఊపిరి తీసుకోలేదు.

ఇది రాసి పెడుతున్నాను: వదిన బుధవారం పొద్దున పడి ఉంటుంది. గాడిలో కాక పక్కన పడితే మూడు పొద్దులు. శనివారం పొద్దు పొడవక ముందు ఆమెను తీయాలి.

(షెడ్డులో.)

"ఆమె సంచి ఇడ్సిపెట్టి వెనక్కి పోయుంటది," అన్నాడు ఊశన్న. "రేవుల కూసోని చాపలు తింటుంటది. నువ్వేమో ఈడ ఏడుస్తున్నవ్."

"ఆమె సంచి ఇడ్సిపెట్టదు. చేయన్నా ఇడ్సిపెడ్తది గని."

"ఆమెను చూసినవా?"

"లేదు."

"ఆమె గొంతు విన్నవా?" ఇది జమ్ములమ్మక్క అడిగింది, మెల్లగా.

"లేదక్కా."

ఎవరూ ముందుకు రాలేదు. తప్పుపట్టను. నాట్లమ్మలు తిరిగే చోటికి పెళ్లాం పిల్లలతో పోయి తొక్కమంటే ఎవరొస్తారు, అదీ ఉందో లేదో తెలియని మనిషి కోసం. నలుగురైదుగురు వస్తే తొక్కుడు పారదు. నలిగిన నేల అని అది నమ్మాలంటే ఊరంతా కావాలి. "రేపొకసారి పోయి చూసి రా," అన్నది అక్క. "ఏదన్న ఆనవాలు దొరికితే అందరం పోదాం. పుస్తకంల రాయి, చదువుతా."

తొక్కుడు 3909, గురువారం

పోయాను. పోవాలని లేదు, రాస్తున్నాను. షెడ్డు ముందు చెయిన్‌కు నూనె వేశాను, అవసరం లేకపోయినా రెండోసారి వేశాను. టైరు నొక్కి చూశాను. పందిళ్లలో కోత మొదలైంది, ఆడవాళ్లు కత్తెరలు పట్టుకుని గుత్తుల కింద వంగి ఉన్నారు. ఒక్కరు తలెత్తి నావైపు చూసినా ఆగి మాట కలిపేవాడిని, మధ్యాహ్నం దాకా కలుపుతూనే ఉండేవాడిని. ఎవరూ చూడలేదు.

అడవిలో బాట రెండు జానలు. హ్యాండిల్ రెండు చివర్లా ముళ్లు గీసుకుంటూ పోయాను. వేళ్లు చిట్లాయి. వాగు మలుపు దగ్గర మొక్కలు నడుముదాకా వచ్చాయి. నారింజ సంచి కనబడలేదు. ఆకులు కప్పేశాయి.

మూడు నాట్లమ్మలు. ఒకటి నా వెనక, రెండు ముందు. కాళ్లు ఆడిస్తూ నిలబడ్డాను. పిలిచాను. ఆగాను. మళ్లీ పిలిచాను.

లోపలి నుంచి సైకిల్ గంట మోగింది. మూడుసార్లు. సన్నగా, ఆగి ఆగి. వదిన సైకిల్ గంటే. ఏళ్లుగా విన్న గంట, పొరపాటు పడను. ఆమె బతికే ఉంది.

అక్కా, ఇంతే. గట్టిగా చదువు.

తొక్కుడు 3910, శుక్రవారం

నిన్న అక్క "గంట మోగింది" అన్న చోట ఆగిపోయింది. ఊశన్న లేచి కత్తెర బల్ల మీద పెట్టాడు. "ఎన్నింటికి పోవాలె?" అన్నాడు. అంతే.

పొద్దున ఊరంతా కదిలింది. వంటపొయ్యి వెలగలేదు, నిన్నటి సద్దే కట్టుకున్నారు. ముళ్లకని కాళ్లకు గోనెపట్టాలు చుట్టుకున్నారు. సైకిళ్లున్నవాళ్లు సైకిళ్ల మీద, మిగతావాళ్లు నడిచి. జమ్ములమ్మక్కను ద్రాక్ష బుట్టల బండి మీద కూర్చోబెట్టి తోశారు. "నేను గూడ తొక్కుత," అని మలుపు దగ్గర దిగింది. డెబ్బై రెండేళ్లు.

అడవిలోకి రాగానే మాటలు ఆగిపోయాయి. వీళ్లలో సగం మంది ఇంత లోపలికి ఎప్పుడూ రాలేదు. ఒకావిడ నా చొక్కా పట్టుకుని నడిచింది, ఆమెకు తెలియకుండానే. టక్, టక్. అన్ని వైపులా. ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా అందరి భుజాలూ ఒక్కసారే ఎగిరేవి.

"గంట ఏది?" అన్నాడు ఊశన్న నా చెవిలో.

"ఇంత మంది అడుగుల చప్పుడుల వినబడ్తదా?"

"జర ఆగుదామా? విందాం?"

"ఆగొద్దు! ఆగితే నాటుతది. తొక్కు!"

తొక్కారు. ఆరుగురేసి చేతులు పట్టుకుని, మొక్కల మొదళ్ల మీద, ముందుకు వెనక్కు, ముందుకు వెనక్కు. మొక్క వంగి మళ్లీ లేచేది. మళ్లీ తొక్కేవారు. గోనె చిరిగి పాదాల నుంచి రక్తం. నేను వదులు కంకర మీద సైకిల్ తొక్కాను, ఇన్నేళ్లు తప్పించుకున్న అంచుల మీదే. తొడలు మండాయి.

మధ్యాహ్నానికి నాలుగు నాట్లమ్మలు మమ్మల్ని చుట్టుముట్టి నిలబడ్డాయి. పొట్టల కింది పళ్లేలు దించాయి. ఎవరో ఏడుపు మొదలుపెట్టారు, కాళ్లు మాత్రం ఆపలేదు. ఎంతసేపు విన్నాయో. ఒకటి కదిలింది. సూది దించింది. నాటలేదు. మొక్కను వేళ్లతో సహా పైకి తీసింది, మట్టి దులిపింది, వీపు మీది పెట్టెలో పెట్టుకుంది. తల్లి బిడ్డ జడలో పేలు తీసినంత ఓపికగా ఒకటి తీసి ఇంకోటి తీసింది. నలిగే నేల మీద మొక్క బతకదని దానికి తెలుసు. మిగతావీ మొదలుపెట్టాయి. మేం తొక్కుతున్నాం, అవి తీస్తున్నాయి. అరవడానికి కూడా భయపడ్డాం, మనసు మార్చుకుంటాయేమోనని.

పొద్దు వాలకముందు సంచి కనబడింది. దాని పక్కన పల్లం. పల్లంలో వదిన.

కాలు సైకిల్ కింద మడత పడి ఉంది. ముందు చక్రం పుల్లల్లోంచి ఒక మొక్క, చంక పక్కన ఇంకోటి, ఒంటికి వేలెడు దూరంలో. ఎడమ చెయ్యి నేల మీద కొడుతూనే ఉంది. కళ్లు మూతలు పడి ఉన్నా కొడుతూనే ఉంది. నాట్లమ్మలు తనను నేల అనుకోకూడదని బుధవారం నుంచీ కొడుతోందట. అరచెయ్యి రొట్టెలా ఉబ్బింది. జమ్ములమ్మక్క ఆ చెయ్యి పట్టుకుంటే ఆగలేదు, అక్క చేతిని కూడా కొట్టింది.

నీళ్లు పోశాక కళ్లు తెరిచింది. ఇంత మందిని చూసింది.

"ఏందిది? కోతలు లేవా మీకు?" అంది. గొంతు లేదు, గాలే వచ్చింది.

ఊశన్న కూర్చుండిపోయి ఏడ్చాడు.

తొక్కుడు 3911, శనివారం

తొక్కాను. ఎడమ అంచున. ఊరిలోంచి పన్నెండు మంది వెంట వచ్చారు, ఇకమీదట వంతులు వేసుకుని రోజూ వస్తారట. రేవుగడ్డ వాళ్లు అటు నుంచి తొక్కుతూ ఎదురొచ్చారు. బాట ఆరు జానలు. వదినకు ద్రాక్ష పందిరి పుల్లలతో కాలు కట్టారు, జమ్ములమ్మక్క ఇంట్లో ఉంది. బతుకుతుంది. కాలు అతుక్కుంటుందట, వంకరగానైనా.

ఆదివారం, తొక్కుడు లేదు

ఈ పొద్దున అక్క వదిన మంచం పక్కన కూర్చుని ఈ వారం పేజీలన్నీ చదివి వినిపించింది. ఇల్లంతా జనం. నేను చిందేసిన దగ్గర అందరూ నవ్వారు, వదిన నొప్పితో కూడా నవ్వింది. గురువారం పేజీ వచ్చింది. గంట దగ్గర ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. "ఆ గంటే నిన్ను బతికించింది బిడ్డా," అన్నది ఒకామె. వదిన నవ్వు ఆపి నావైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

అందరూ పోయాక పిలిచింది.

"కూసో మరిదీ."

"పనుంది వదినా."

"కూసో." కూర్చున్నాను. "పడ్డంక మొట్టమొదలు ఏం చేసిన్నో తెల్సా? అరుద్దామంటే గొంతు రాలే, గంట కొడ్దామని హ్యాండిల్ మీద చెయ్యేసిన. ఉత్త బోల్టు తగిలింది."

నా చెయ్యి జేబు మీదికి పోయింది.

"చీకట్ల తడుముకున్న. ఆకులల్ల పడ్డదేమోనని రెండు దినాలు వెతికిన, ఒక చేత్తోని. ఇంకో చేత్తోని నేల కొట్టుకుంట." ఉబ్బిన అరచెయ్యి చాపింది. "ఇయ్యి."

ఇచ్చాను.

అది చేతిలో తిప్పి చూసుకుంది. కోపం చేస్తుందనుకున్నాను. తిడితే బాగుండేది. "నన్ను ఏడ నుంచి విన్నవ్ మరి?" అని మాత్రమే అడిగింది.

అక్కా, ఇక్కడి నుంచి ఆగకుండా చదువు. నవ్వొచ్చే చోటు ఏదీ లేదు.

గురువారం నేను విన్నది టక్, టక్ ఒక్కటే. పిలిచాను, ఆమె పలకలేదు. చచ్చిపోయిందనే అనుకున్నాను. అది రాస్తే మీరు రారు. మీరు రాకపోతే శుక్రవారం నేనొక్కడినే ఆ మలుపుకు మళ్లీ పోవాలి. ఆమెను బతికించాలని రాశానని చెప్పుకోవచ్చు, ఊరు నమ్ముతుంది కూడా. కానీ ఇది బాట పుస్తకం. ఒక్కడినే పోవడానికి భయమేసి రాశాను.

మిగతాదంతా జరిగినట్టే రాశాను. గంట మాత్రం మోగలేదు. సోమవారం ఆమె నీళ్లు తాగుతుంటే నవ్వులాటకు బోల్టు వదిలేసి గంట విప్పి తీశాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అది నా జేబులోనే ఉంది.